కొసరు పాట

రాయగడలో శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ఉమాపతి మాట కోసం ఎదురుచూసేవాళ్ళు కొందరుంటారు. జీపు డ్రైవర్లు, సెలూన్లవాళ్ళు, హాస్టలు పిల్లలు, పెళ్ళిళ్ళకు సౌండ్ బాక్సులు అద్దెకిచ్చేవాళ్ళు. ఆ వారం కొత్తగా వచ్చిన ఆల్బమ్‌లలోంచి ఒక ర్యాప్, ఒక పాప్, ఒక జానపదం ఏరి, ఒక్కోదాని గురించి రెండు మూడు ముక్కలు రాసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. అంతే. నక్షత్రాలూ మార్కులూ వెయ్యడు.

"మూడో ప్లాట్‌ఫారం: ర్యాప్. కుర్రాడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసింది. ఘాట్ రోడ్డులో మాత్రం పెట్టకండి, కాలు బరువెక్కుతుంది."

"గాజు వాన: పాప్. మొదటి పాట వదిలెయ్యండి, అది డబ్బు పెట్టినవాళ్ళ కోసం చేసింది. రెండోదాని దగ్గర అమ్మాయి తన గొంతుతో పాడటం మొదలుపెట్టింది."

"పసుపు ముంత: జానపదం. డప్పు వాయించినాయన పేరు ఎక్కడా వెయ్యలేదు. ఆయన చెయ్యి లేని పాట ఒక్కటీ లేదు."

ఇలా ఉంటాయి ఆయన మాటలు. ఫోను నొక్కితే ప్రపంచంలోని పాటలన్నీ వచ్చే కాలంలో బస్టాండు పక్క సందులో చిన్న కొట్టు పెట్టుకున్న మనిషి మాట ఎవరికి కావాలి అనిపించవచ్చు. కానీ అన్నీ వచ్చేస్తుంటేనే ఏది వినాలో చెప్పేవాడు కావలసి వచ్చాడు. పైగా ఉమాపతికి ఒక నియమం ఉందని ఊరికి తెలుసు. మొదటి పాట మొదటి చప్పుడు నుంచి ఆఖరి పాట ఆఖరి చప్పుడు దాకా వినకుండా ఏ ఆల్బమ్ గురించీ మంచీ చెప్పడు, చెడ్డా చెప్పడు. ఒకసారి ఇయర్‌ఫోన్లలో, ఒకసారి కొట్లోని చిన్న స్పీకర్లో, ఒకసారి కోను చిరిగిన జీపు స్పీకర్లో. "చిరిగిన స్పీకర్లో కూడా నిలబడితేనే అది పాట" అంటాడు.

ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. టేప్ రికార్డర్లు విప్పి చూసి బాగుచెయ్యడం నేర్చుకున్నాడు. అవి పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి మెమొరీ కార్డులొచ్చాయి. కార్డుల కాలంలో ఆయన కొట్టు ముందు జనం నిలబడేవాళ్ళు. కార్డు ఇచ్చి, "నూఆ మాల్ ఏటొచ్చింది భాయి?" అని కొత్త సరుకు సంగతి అడిగి, పాటలు నింపించుకుని వెళ్ళేవాళ్ళు.

ఉమాపతి తాతది పార్వతీపురంలో బెల్లం వ్యాపారం. తూకం వేసి కాటా దించాక, చేతికందినంత ముక్క విరిచి సంచిలో వేసేవాడట. కొసరు. అది అడిగి పుచ్చుకునేది కాదు, అమ్మేవాడు తన ఇష్టం కొద్దీ ఇచ్చేది. రాయగడ వచ్చినా, బెల్లం పోయి పాటలొచ్చినా ఉమాపతి ఆ అలవాటు పోనివ్వలేదు. అడిగిన పాటలన్నీ కార్డులో వేశాక, చివర్న అడగని పాట ఒకటి వేసి ఇచ్చేవాడు. చాలా ఏళ్ళపాటు ఆ కొసరు పాట ఒక్కటే. ఆయన భార్య నాగశ్రీ పాడినది.

నాగశ్రీ గుణుపూరు దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. వాళ్ళ తాతలు శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి అక్కడ మళ్ళు కొన్నారు. ఊడ్పుల్లో అత్తల పక్కన వంగి నేర్చుకున్న పాటలు ఆవిడ దగ్గర బోలెడు. పెళ్ళయిన కొత్తలో బియ్యం కడుగుతూ ఒకటి పాడుతుంటే ఉమాపతి గుమ్మంలో నిలబడిపోయాడు.

కొండకాడ మబ్బు దిగె ఓ వదినా
మడిలోన నీడ దిగె ఓ వదినా
పొద్దు గుంకె యేళాయె ఓ వదినా
పోయినోడు రాడాయె ఓ వదినా

కొట్టు వెనక గదిలో నాలుగు పక్కలా దుప్పట్లు కట్టి, మైకు పెట్టి, ఆవిడను కూర్చోబెట్టాడు.

"ఇదేటండి, పందిట్లో పెళ్ళికూతుర్లా కూకోబెట్టీసినారు?" అంది నాగశ్రీ. "పొయ్యి మీద అన్నముంది. మాడిపోతే నా పూచీ లేదు."

పాడింది. పాడాక పకపకా నవ్వి, "బాగుందేటి? నిజం సెప్పండి. మొగమాటం పడకండి" అంది.

ఆ సాయంత్రం ఉమాపతి కంప్యూటరు ముందు కూర్చుని పాటకు ముందున్న మాటలు కోసేశాడు. పాట తర్వాత నవ్వు కోసేశాడు. మధ్యలో గాజులు గలగలమన్న చోట కూడా జాగ్రత్తగా తగ్గించాడు. పాట అంటే పాటే ఉండాలి. కోసిన ముక్కలు దాచుకునే అలవాటు ఆయనకు లేదు. పని అయ్యాక బల్ల మీద చెత్త ఉంచనట్టే కంప్యూటర్లో కూడా ఉంచడు. అసలు రికార్డింగు తీసేసి, శుభ్రం చేసిన పాట ఒక్కటే ఉంచాడు. అంత చక్కగా చేసిన పని తన చేత్తో అంతకుముందు జరగలేదని సంతోషించాడు.

ఆ పాట పొట్టంగి జీపుల్లో మోగింది, కుందురలో ట్రాక్టర్ల మీద మోగింది, టికిరి సంతలో మోగింది. నాగశ్రీ కూరగాయలకు వెళితే ఎవరి ఆటోలోంచో తన గొంతే వినపడేది. "ఊరందరికీ పంచిపెట్టీసినారు, ఇంక ఇంట్లో పాడాలంటే సిగ్గేస్తంది" అనేది, ముసిముసిగా నవ్వుతూనే.

కిందటేడు వానల్లో నాగశ్రీ పోయింది. కిడ్నీలు పాడయ్యాయి. విశాఖపట్నం తిప్పి తిప్పి, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆఖరి నెలల్లో మంచం మీదే ఉండేది. ఉమాపతి పొద్దున్నే అన్నీ అమర్చి కొట్టుకు వెళ్ళేవాడు. వెళ్ళకపోతే గడవదు. ఆ వేళల్లో ఆవిడ అన్న కొడుకు పృథ్వి వచ్చి కూర్చునేవాడు. రాయగడలో చదువుకుని, చదువు మీద కన్నా బీట్ల మీద ధ్యాస ఎక్కువై, రైల్వే కాలనీ వైపు ఒక గది తీసుకుని, ల్యాప్‌టాప్‌లో పాటలు కట్టే కుర్రాడు. అత్త చేతి అన్నం తిని పెరిగాడు. అత్త మంచం పట్టాక తనే అన్నం వండి పెట్టాడు.

ఆవిడ పోయాక ఉమాపతికి ఒక సంగతి తెలిసివచ్చింది. ఆయన దగ్గర భార్య పాట ఉంది. మాట లేదు.

ఆవిడ వాయిస్ మెసేజీలు పంపేది కాదు. "పిలిస్తే పలికే దూరంలో ఉండి ఫోన్లో రికార్డు సెయ్యడమేటి, సోద్యం" అనేది. పెళ్ళి వీడియోలో భజంత్రీలు తప్ప ఏమీ వినపడదు. ఉమాపతి పాట పెట్టుకునేవాడు. పాట బాగానే ఉండేది. కానీ పాట ఊడ్పులకు వెళ్ళిన ఆడవాళ్ళందరిదీ. "ఏటండి" అన్న పిలుపు ఒక్కటే ఆయనది. అది ఎలా ఉండేదో నెలలు గడిచేకొద్దీ చెవిలో చెరిగిపోతూ వచ్చింది. ఎవరి గొంతు ఎన్నో నిమిషంలో వణికిందో చెప్పగల చెవి అది. దానికే ఇంటి మనిషి గొంతు అందకుండా పోతోంది.

పాత కార్డులు వెతికాడు. కోయకముందు పాటను ఎవరికైనా పొరపాటున ఇచ్చానేమోనన్న ఆశ. పొట్టంగి వెళ్ళాడు, కుందుర వెళ్ళాడు. ఎక్కడ అడిగినా మర్యాదగా తీసి ఇచ్చారు. ఎక్కడ విన్నా శుభ్రం చేసిన పాటే. ముందు ఊపిరి లేదు, వెనక నవ్వు లేదు. గాజుల చప్పుడు కూడా లేదు.

"ఇంకా ఎతుకుతున్నావేటి నాయనా?" అంది సింహాచలమ్మ. పక్కనే ఇడ్లీ బండి ఆవిడది. వయసులో పెద్దది, ఉమాపతి పిన్నీ అని పిలుస్తాడు.

"దొరకలేదు పిన్నీ. బాగా కోసేను. మరీ బాగా కోసేను."

"ఆ తిండి ముందు తిను. సట్నీ కూడా సివరిదాకా తిని తీర్పు సెప్పు" అంది. ఆయన నవ్వలేదు. ఆవిడ గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

పృథ్వి ఆల్బమ్ వచ్చింది ఆ రోజుల్లోనే. పేరు "మడి గట్టు." తెలుగూ ఒడియా కలిపి ర్యాప్. రాయగడ కుర్రాడు చేసిన మొదటి ఆల్బమ్ అని ఊళ్ళో కాస్త సందడి. పృథ్వి స్వయంగా కొట్టుకు వచ్చి, "మావయ్యా, వచ్చింది. మీరు ఇనాల" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి మింగేశాడు. "సివరిదాకా ఇనండి. అంతే."

"నాను ఎప్పుడు ఇనలేదురా సివరిదాకా?" అన్నాడు ఉమాపతి.

ఇంటికి వెళ్ళి ఫోన్లో వినవచ్చులే అనుకున్నాడు. ఈలోగా సందు చివర పెళ్ళి ఊరేగింపు వచ్చింది. బండి మీద పేర్చిన బాక్సులు, రంగుల లైట్లు, ఎగిరే కుర్రాళ్ళు. పాట మారింది. డమడమ మోతలోంచి ఒక గొంతు. "ఓ వదినా, ఓ వదినా, ఓ వ, ఓ వ, ఓ వదినా." నాగశ్రీ గొంతే. సాగదీసి, ముక్కలు చేసి, చిన్నపిల్ల గొంతులా సన్నం చేసిన నాగశ్రీ గొంతు. దానికి కుర్రాళ్ళు చేతులు పైకెత్తి గెంతుతున్నారు. ఎవడో ఈల వేశాడు.

ఉమాపతి కొట్టు షట్టరు సగానికి దించి లోపల కూర్చున్నాడు. ఊరేగింపు దాటిపోయేదాకా కూర్చున్నాడు. తర్వాత నేరుగా పృథ్వి గదికి వెళ్ళాడు.

"కొసరు పాట దొంగిలించేవా?"

పృథ్వి లేచి నిలబడ్డాడు. "దొంగిలించలేదు మావయ్యా. మీరు సివరిదాకా ఇన్నారా?"

"ఏటి ఇనాల్రా? సచ్చిపోయినదాని గొంతుని గెంతులకి అమ్ముకుంటావా? దాని సేతి అన్నం తిన్నావు కదరా నువ్వు!"

"ఒక్కసారి సివరిదాకా ఇనండి. తర్వాత కొట్టండి, పడతాను."

"అక్కర్లేదు. మొదటి పాటతోనే తెలిసిపోనాది."

పృథ్వి ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదేమిటో అప్పుడు ఉమాపతికి అర్థం కాలేదు. ఎవరికో ఇచ్చిన మాటకు కట్టుబడ్డ మనిషి చూపు అది. తల వంచుకుని, "సరే మావయ్యా" అన్నాడు.

శుక్రవారం ఉమాపతి రాశాడు. "మడి గట్టు: వినక్కర్లేదు. పని రానివాడు చేసిన పని." ఇన్నేళ్ళలో వినకుండా రాసిన మాట అదొక్కటే. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఉమాపతి అన్నాడంటే పూర్తిగా విని అన్నాడనే అందరూ అనుకున్నారు. హాస్టలు పిల్లలు ఫోన్లలోంచి తీసేశారు. బాక్సులవాళ్ళు వెయ్యడం మానేశారు. కొద్ది రోజులకు ఆ ఆల్బమ్ ఇంటర్నెట్‌లో కూడా కనిపించకుండా పోయింది. పృథ్వే తీసేశాడని తెలిసింది. గది ఖాళీ చేసి టికిరి దగ్గర అల్యూమినా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి చేరాడని కూడా తెలిసింది. బుద్ధొచ్చింది అనుకున్నాడు ఉమాపతి. అనుకున్నాక కూడా మనసు కుదుటపడలేదు.

చలికాలం మొదలయ్యాక ఒక సంతరోజు స్పీకర్లూ పెన్‌డ్రైవులూ మూట కట్టుకుని టికిరి బయల్దేరాడు. రామ్‌ప్రసాద్ జీపు. రామ్‌ప్రసాద్ ఎప్పటినుంచో ఆయన దగ్గర పాటలు వేయించుకునే మనిషి. నోరు ఊరుకోదు.

"రా అన్నయ్యా, ముందు కూకో. నువ్వు పక్కనుంటే పాట పెట్టాలంటే బయ్యమేస్తాది. పరీక్షలో మాస్టారు పక్కన నిలబడ్డట్టుంటాది."

"పెట్టు. నానేటీ అనను."

"అనకపోయినా నీ మొగం అనీస్తాది గదా!"

వెనక సంతకు వెళ్ళే ఆడవాళ్ళు, గంపలు, రెండు కోళ్ళు. కొండ మలుపులు మొదలయ్యాయి. పెన్‌డ్రైవులో పాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఉన్నట్టుండి "ఓ వదినా" మొదలైంది. రామ్‌ప్రసాద్ గతుక్కుమని చెయ్యి చాచాడు మార్చడానికి.

"అయ్యబాబోయ్, తప్పైపోనాది. ఆ పృథ్వి గుంటడే ఆల్బమ్ వచ్చిన రోజునే ఏసిచ్చేడు. నువ్వు రాసిన్నాటి నుంచి నానిది పెట్టట్లేదన్నయ్యా, ఒట్టు!"

"థాఉ, థాఉ భాయి," అంది వెనకనుంచి దేశియా భాష మాట్లాడే ఒక కొండ ఆడమనిషి. ఉండనీ అని. ఆ మాట అంటూనే సంత తెలుగులోకి దిగింది. "రోజూ పెడతావు గదా, ఇయాల ఏటొచ్చింది? సివర్న అమ్మ మాటాడతాది. అది పెట్టు."

రామ్‌ప్రసాద్ నాలుక్కరుచుకున్నాడు. ఉమాపతి వెనక్కి తిరిగాడు.

"ఏ అమ్మ?"

ఆవిడ చేత్తో స్పీకరు వైపు చూపించింది. "అదే. పాడే అమ్మ."

ఉమాపతి రామ్‌ప్రసాద్ వైపు చూశాడు. రామ్‌ప్రసాద్ రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా, "అక్క మాటాడతాది గదా ఆఖర్న. నీకు తెలీదేటి?" అన్నాడు. జవాబు రాకపోయేసరికి ఒకసారి పక్కకు చూసి, స్పీడు తగ్గించాడు. "నువ్వు సివరిదాకా ఇనే రాసినావని... అది ఇన్నాక కూడా ఒద్దన్నావంటే నీకెంత కష్టమేసిందో అనుకున్నాను. అందికే నీ దగ్గర ఎత్తలేదు."

"పెట్టు" అన్నాడు ఉమాపతి.

రామ్‌ప్రసాద్ ఆల్బమ్‌లో ఆఖరిదానికి తిప్పాడు. పాట కాదు. బీటు లేదు. రేకుల మీద వాన చప్పుడు. ఎక్కడో కుక్కరు కూత. మంచం కిర్రుమంది. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఉమాపతి ఇంటి గ్లాసు, ఉమాపతి ఇంటి గచ్చు. చిరిగిన స్పీకర్లోంచి కూడా గుర్తుపట్టాడు. తర్వాత నాగశ్రీ.

"ఎత్తుకోమన్నావా? ఉండ్రా, గొంతు తడుపుకోనీ... ఒరే పృథ్వీ, మీ మావయ్యకి ముందే సెప్పీకు. తెలిసిందంటే నా మొగం సూసి బాగుందనీస్తాడు. అలాగొద్దు. అందరివీ ఇన్నట్టే ఇదీ ఇనాల, అందరికి సెప్పినట్టే సెప్పాల. మాటియ్యి. ఆఁ... ఇంటాడ్రా. ఏదైనా సివరిదాకా ఇనందే మాట సెప్పడాయన. సివరికొచ్చేసరికి మనం ఇక్కడుంటాం. దొరికిపోతాడు."

నవ్వింది. నవ్వులోంచి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, అలసటగా, "ఇంక సాల్రా, ఆపీ" అంది.

పెన్‌డ్రైవు తర్వాతి పాటకు వెళ్ళబోతే రామ్‌ప్రసాద్ కట్టేశాడు. జీపు పక్కకు తీసి ఆపాడు. ఉమాపతి దిగి, కల్వర్టు గట్టు మీద కూర్చుని, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. బయటి చప్పుడు లోపలికి రాకుండానో, లోపలిది బయటికి పోకుండానో. కింద లోయలో ఎవరో కట్టెలు కొడుతున్నారు. చాలాసేపటికి చేతులు దించాడు. దేశియా ఆవిడ దిగి వచ్చి, తన సీసాలోని నీళ్ళు ఆయన పక్కన పెట్టి, మళ్ళీ వెళ్ళి జీపులో కూర్చుంది.

జీపు మళ్ళీ కదిలాక ఆల్బమ్ మొదటి పాట నుంచి పెట్టించుకుని, టికిరి చేరేలోగా చివరిదాకా విన్నాడు. సంతలో మూట విప్పలేదు. రామ్‌ప్రసాద్ దగ్గర వదిలేసి ఫ్యాక్టరీ రోడ్డు వెంట నడిచాడు. షిఫ్టు దిగే వేళకు గేటు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాడు. హెల్మెట్లు చంకలో పెట్టుకుని మనుషులు బయటికి వస్తున్నారు. పృథ్వి కనుబొమల మీద తెల్లటి పొడి. మావయ్యను చూసి ఆగిపోయాడు.

"ఇన్నాను" అన్నాడు ఉమాపతి. "ఇయాల. సివరిదాకా."

పృథ్వి టీ రెండు చెప్పాడు. బల్ల మీద కూర్చున్నారు.

"సెప్పాల్సిందిరా" అన్నాడు ఉమాపతి.

"అత్తకి మాటిచ్చేను మావయ్యా. మీ అంతట మీరే ఇనాలన్నాది." గ్లాసు రెండు అరచేతుల మధ్య తిప్పాడు. "మీరు ఇనకుండా రాస్తారని అత్తకి తట్టలేదు. నాకూ తట్టలేదు."

ఉమాపతి తల ఊపాడు. "గొంతు ఎందుకురా అంత సన్నం సేసేవు? అదే నాకు... అక్కడే నాకు పేణం పోనాది" అన్నాడు.

"అత్తే సెయ్యమంది. నాను ఊరికే ఒకసారి సరదాకి గొంతు సన్నం సేసి ఇనిపించేను. ఇని, మంచం మీంచి లేసి కూకున్నాది. 'ఓలమ్మో, సిన్నప్పుడు ఊడుపుల్లో నా గొంతు అచ్చంగా ఇలాగే ఉండీదిరా. గట్టు మీద అత్తలు గెంతీవోళ్ళు. ఇదే ఉంచు, కుర్రగుంటల్ని గెంతనీ' అన్నాది."

టీ చల్లారిపోయింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఉమాపతి ఇక అడగకుండా ఉండలేక అడిగాడు. అడగడానికే ఇంత దూరం నడిచి వచ్చాడు.

"అసలువి ఉన్నాయా? కోయనివి?"

పృథ్వి తల ఎత్తలేదు.

"మాటాడతానే ఉండీది గదా మావయ్యా. నాను మైకు ఆపీవోణ్ణి కాదు. మీ పెళ్ళిచూపుల కాడనుంచి సెప్పింది. దుప్పట్లు కట్టి మీరు పాడించిన రోజు అన్నం మాడిపోనాదట, మీకు తెలీకుండా మళ్ళీ వండిందట. అదీ సెప్పింది. అన్నీ ఉండేవి. ఎన్నో పూటలవి."

"ఉండేవి అంటున్నావు."

"మీరు అంత మాటన్నాక... ఉంచుకోడానికి నాకేటి అధికారమనిపించింది. నెట్లో తీసీసినాను. ల్యాప్‌టాప్ అమ్మీసినాను. అత్త మాటలు పరాయోడి సేతిలో పడకూడదని ముందు మొత్తం తుడిసీసే ఇచ్చేను. ఒక్క ముక్క కూడా దొరక్కుండా." గ్లాసు కింద పెట్టాడు. "మీ దగ్గర నేర్చుకున్నట్టే తుడిసేను మావయ్యా. శుబ్రంగా."

ఉమాపతి ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టడానికి ఎవరూ లేరక్కడ.

"సెప్పరా" అన్నాడు. "అన్నం మాడిన సంగతి ఎలాగ సెప్పిందో అలాగే సెప్పు."

పృథ్వి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క మాట పోకుండా చెప్పాలని కళ్ళు మూసుకుని, అత్త ఆగిన చోట ఆగి, నవ్విన చోట నవ్వబోయి చెప్పాడు. మాటలన్నీ వచ్చాయి. గొంతు మాత్రం పృథ్వీదే. ఉమాపతి మధ్యలో ఆపకుండా విన్నాడు. చివరిదాకా విన్నాడు.

లేచేముందు, "నాలుగో పాటలో బేస్ ఎక్కువైంది. మాట ములిగిపోతంది" అన్నాడు. "ఐదోది బాగుంది. నువ్వు రాసిందేనా?"

"నానే మావయ్యా."

"నిలబడతావు. ఈ ఫ్యాక్టరీ పనిలో ఉండిపోకు."

పృథ్వి అప్పుడు ఏడ్చాడు.

ఆ శుక్రవారం గ్రూపులో మూడు ఆల్బమ్‌లు లేవు. "మడి గట్టు గురించి ఇదివరకు రాసింది వినకుండా రాశాను. పని రానిది నాకు. రామ్‌ప్రసాద్ దగ్గరున్న కాపీ ఒక్కటే మిగిలింది. కావలసినవాళ్ళు కార్డు పట్టుకుని కొట్టుకు రండి. చివరిదాకా వినండి."

వచ్చారు. పొట్టంగి నుంచి కూడా వచ్చారు. ఎవరిళ్ళలోనో మూలపడ్డ మెమొరీ కార్డులు తుడుచుకుని తెచ్చారు. సింహాచలమ్మ తన చిన్న ఫోను కూడా తెచ్చి, "ఇందులో పడతాదేటి నాయనా?" అంది.

"పడతాది పిన్నీ."

"మరి కొసరో?"

"అది సివర్న ఉన్నాది."

కార్డు నింపాక సరిగ్గా పడిందో లేదో విని చూసి ఇవ్వడం ఉమాపతి పద్ధతి. ప్రతి కార్డుకూ వింటాడు. రేకుల మీద వాన, కుక్కరు కూత, గ్లాసు. కోయాల్సిన చప్పుళ్ళే అన్నీ. వేటినీ ముట్టుకోడు. చివరికి వచ్చేసరికి ఆవిడ అక్కడ ఉంటుంది. ఇంక సాల్రా, ఆపీ అంటుంది.

కార్డు తీసి ఇవ్వాలి. బయట మనిషి చెయ్యి చాపి నిలబడి ఉంటాడు. ఉమాపతి వేలు మీట మీదే ఉంటుంది, నొక్కడానికి రాదు. మెల్లగా వెనక్కి తిప్పి, వాన దగ్గరనుంచి మళ్ళీ పెడతాడు.